నెలలు గడిచినా పోని నొప్పి: నొప్పి క్లినిక్కులో ఏం చేస్తారు?



ఈ రోజు నొప్పి గురించి మాట్లాడుకుందాం. గడప తగిలి కాలి బొటనవేలు చిట్లితే వచ్చే నొప్పి సంగతి వేరు. అది రెండు రోజులు ఏడిపించి దాని దారిన అది పోతుంది. నేను చెప్పబోయేది పోని నొప్పి గురించి. దెబ్బ మానింది, కట్టు విప్పారు, ఎముక అతుక్కుందని ఎక్స్‌రే చూసి చెప్పారు, అయినా నొప్పి అలాగే ఉంది. లేదా ఏ దెబ్బా తగలకుండానే నడుములోనో, మెడలోనో, మోకాళ్ళలోనో మొదలయింది. సంక్రాంతి వచ్చి వెళ్ళింది, ఉగాది వచ్చి వెళ్ళింది, నొప్పి మాత్రం వెళ్ళలేదు. ఇలాంటి నొప్పి కోసం పెద్ద ఆస్పత్రుల్లో విడిగా ఒక విభాగం ఉంటుంది. పెయిన్ క్లినిక్ అని బోర్డు ఉంటుంది. మనం నొప్పి క్లినిక్కు అందాం. అక్కడ ఏం చేస్తారు, ఏం చెయ్యలేరు, వెళ్ళేముందు మనం ఏం సిద్ధం చేసుకోవాలి, ఇదీ ఈనాటి విషయం. సరిహద్దు జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. అది భాష చిక్కు. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

అసలు నొప్పి ఎందుకుంది? నొప్పే లేకపోతే ఎంత హాయిగా ఉండేదో అనిపిస్తుంది కదా. దానికి జవాబు మనకు దగ్గర్లోనే, వేలూరులో దొరికింది. పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. ఆయన ఆంగ్లేయుడే కాని, పుట్టింది తమిళనాడులోని కొల్లి కొండల్లో. కుష్ఠు రోగుల వేళ్ళు రాలిపోవడానికి జబ్బు కండను తినెయ్యడమే కారణమని అప్పట్లో అందరూ అనుకునేవారు. ఆయన ఓపికగా గమనించి, కారణం అది కాదన్నాడు. ఆ జబ్బు నరాలను దెబ్బతీసి స్పర్శ లేకుండా చేస్తుంది. కాలుతున్న గిన్నె పట్టుకున్నా తెలియదు, మేకు గుచ్చుకున్నా తెలియదు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికిన సందర్భాలు కూడా బయటపడ్డాయి. అప్పుడు ఇళ్ళకు వెళ్ళే రోగులకు పిల్లిని ఇచ్చి పంపించేవారు! నొప్పి లేకపోవడమే వాళ్ళ శత్రువయింది. ఆయనే 1993లో నొప్పిని ఎవరూ కోరుకోని కానుకగా చెబుతూ ఒక పుస్తకం కూడా రాశాడు.

కాబట్టి నొప్పి కాపలాకుక్క లాంటిది. దొంగ వస్తే అరుస్తుంది, మనం లేస్తాం. అంతవరకు బాగుంది. అయితే కొన్నిసార్లు దొంగ వెళ్ళిపోయాక కూడా కుక్క అరుస్తూనే ఉంటుంది. ఆకు కదిలినా అరుస్తుంది, ఇంటివాళ్ళు వచ్చినా అరుస్తుంది. మూడు నెలలు దాటి ఉండే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఈ నొప్పుల్లో చాలావాటిలో జరిగేది ఇదే. వెన్నుపాములోను, మెదడులోను నొప్పి కబుర్లు మోసే నరాలు రాటుదేలిపోతాయి. చిన్న కబురును పెద్దగా చేసి చెబుతాయి. మామూలుగా ముట్టుకున్నా నొప్పి అనే చెబుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో 2022 నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పులో, వేరే కారణం కనిపించని దీర్ఘకాలిక నొప్పికి తనంతట తానే ఒక జబ్బుగా చోటిచ్చారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్కాన్‌లో ఏమీ లేదు కాబట్టి నొప్పి లేదు అనడం తప్పు. నొప్పి నిజం. నటన కాదు. దానికి రక్తపరీక్ష లేదు, ఫోటో లేదు. ఉన్నవాడు చెప్పాల్సిందే, విన్నవాడు నమ్మాల్సిందే.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. స్కాన్‌లో ఏదో కనిపించింది కాబట్టి నొప్పికి అదే కారణం అనుకోవడం. నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఎమ్మారై ఫిల్ములను పెళ్ళి పత్రికల్లాగా పదిలంగా దాచుకుంటారు. డిస్కు ఉబ్బింది అని ఆ కాగితం మీద రాసి ఉంటుంది. ఆ మాట చదివిన రోజు నుంచి మనిషి వంగడు, బిందె ఎత్తడు, మనవణ్ణి ఎత్తుకోడు. 2015లో ఒక పరిశీలన వెలువడింది. ఎలాంటి నడుంనొప్పీ లేని మూడువేల మందికి పైగా మనుషుల స్కాన్లను అందులో లెక్కకట్టారు. ఇరవై ఏళ్ళ వయసువాళ్ళలోనే నూటికి 30 మందికి డిస్కు ఉబ్బు ఉంది. ఎనభై ఏళ్ళవాళ్ళలో నూటికి 84 మందికి ఉంది. వాళ్ళెవరికీ నొప్పి లేదు మరి! తల నెరిసినట్లే వెన్నూ నెరుస్తుంది. ఫిల్ము చూసి భయపడే ముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

దెబ్బ తగలగానే మనం అక్కడ రుద్దుకుంటాం. పిల్లవాడు పడితే అమ్మ ఆ చోట అరచేత్తో రాసి, ఉఫ్ అని ఊదుతుంది. అందులో శాస్త్రం ఉందని 1965లో తేలింది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు పరిశోధకులు వెన్నుపాములో ఒక గేటులాంటి ఏర్పాటు ఉందని ప్రతిపాదించారు. నొప్పి కబురు ఆ గేటు దాటి మెదడుకు చేరాలి. స్పర్శను మోసే నరాలు చురుకుగా ఉంటే గేటు కొంత మూసుకుంటుంది. మెదడు నుంచి కిందికి దిగే ఆజ్ఞలు కూడా ఆ గేటును తెరుస్తాయి, మూస్తాయి. భయం, దిగులు, నిద్రలేమి గేటును బార్లా తెరుస్తాయి. ధైర్యం, మంచి నిద్ర, మనసు పెట్టే పని దాన్ని దగ్గరికి వేస్తాయి. తరవాతి పరిశోధనలు ఈ సిద్ధాంతాన్ని చాలా సవరించాయి, అయినా మూల భావం నిలబడింది. నొప్పి క్లినిక్కులో మందులతో పాటు నిద్ర గురించి, ఇంటి పరిస్థితుల గురించి ఎందుకు అడుగుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మరి ఇన్నాళ్ళూ మనం చేసే వైద్యం ఏమిటి? నొప్పి వచ్చింది, మందుల షాపుకు వెళ్ళాం, రెండు మాత్రలు ఇచ్చాడు. తగ్గలేదు, ఊళ్ళో డాక్టరుగారి దగ్గర సూది వేయించుకున్నాం. నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ మొదలు, మళ్ళీ సూది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మందులు కొద్ది రోజులకు మంచివే. ఏళ్ళ తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రక్తపోటు మాత్రలు వాడేవాళ్ళకు, ఎండలో పనిచేసి సరిగ్గా నీళ్ళు తాగనివాళ్ళకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

మన ఊళ్ళమీద రాబందులు ఎందుకు కనిపించడం లేదో తెలుసా? పశువులకు డైక్లోఫెనాక్ సూదులు వేసేవారు. ఆ పశువు చస్తే, కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై అవి గుంపులు గుంపులుగా చనిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును మనదేశంలో నిషేధించారు. మనం రాబందులం కాము, నిజమే. మన మూత్రపిండాలు దానికంటే చాలా తట్టుకుంటాయి. అయినా ఆ మందును పిప్పరమెంటు బిళ్ళలాగా చప్పరించవచ్చని మాత్రం అర్థం కాదు. గంజాం వైపు శ్రోతలకు ఉద్దానం బంధువులు చాలామంది ఉంటారు. అక్కడి మూత్రపిండాల జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కారణం ఏదైనా, మూత్రపిండాలు ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఈ మాత్రలు ముట్టకూడదు. ఈ మాట బంధువులకు కూడా చేరవెయ్యండి.

ఇక పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని పొడులు. మూడు రోజుల్లో మోకాళ్ళ నొప్పి మాయం అంటారు. నిజంగానే మాయమవుతుంది. అలాంటి కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. కొన్నాళ్ళకు ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఇప్పటికే అలాంటిది వాడుతుంటే సిగ్గుపడకుండా ఆ పొట్లం తీసుకుపోయి డాక్టరుకు చూపించండి. మెల్లగా ఎలా మాన్పించాలో వాళ్ళకు తెలుసు.

నొప్పి క్లినిక్కు అనే ఆలోచన ఒక మల్లయోధుడిదంటే నమ్ముతారా? జాన్ బోనికా అనే ఆయన ఇటలీలో పుట్టి అమెరికాలో పెరిగాడు. వైద్యం చదువుతూ, చదువు ఖర్చుల కోసం ముసుగు వేసుకుని కుస్తీలు పట్టేవాడు. ఆ కుస్తీల దెబ్బలు ఆయన్ను జీవితాంతం నొప్పితో వేధించాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మత్తు వైద్యుడిగా సైనిక ఆస్పత్రిలో పనిచేస్తూ ఒక సంగతి గమనించాడు. గాయాలు మానిన సైనికులు నొప్పితో బాధపడుతున్నారు. ఏ ఒక్క వైద్యుడి దగ్గరా పూర్తి జవాబు లేదు. ఎముకల డాక్టరుకు ఎముక తెలుసు, నరాల డాక్టరుకు నరం తెలుసు. నొప్పి పడే మనిషి మాత్రం ఇద్దరికీ మధ్య జారిపోతున్నాడు. అందరూ కలిసి కూర్చుని ఒక్క రోగిని చూడాలన్నాడు. 1953లో నొప్పి వైద్యం మీద పెద్ద గ్రంథం రాశాడు. తరవాత సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలాంటి క్లినిక్కును నడిపి చూపించాడు. మనదేశంలో నొప్పి మీద పనిచేసే వైద్యుల సంఘం 1984లో ఏర్పడింది.

అందుకే మన నొప్పి క్లినిక్కులు కూడా చాలాచోట్ల మత్తు వైద్య విభాగం కిందనే నడుస్తాయి. ఇది తెలియక చాలామంది కంగారు పడతారు. "నాకు ఆపరేషన్ లేదన్నారు కదండీ, మత్తు డాక్టరు దగ్గరికి పంపారేమిటి?" అంటారు. కంగారు అక్కర్లేదు. నరాల దారులు, నొప్పి మందులు ఆ డాక్టర్లకు బాగా తెలుసు. వాళ్ళతో పాటు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఉంటారు. మంచి క్లినిక్కయితే మనస్తత్వ నిపుణులు కూడా ఉంటారు. వాళ్ళ దగ్గరికి పంపగానే "నాకేమైనా పిచ్చా?" అని కొందరు లేచి వచ్చేస్తారు. పిచ్చని కాదు. ఇందాక చెప్పిన గేటు సంగతి ఉంది కదా, దాని రెండో తలుపు మనసు దగ్గర ఉంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఎక్కువసేపు పడుతుంది. ప్రశ్నలు చాలా ఉంటాయి. ఎక్కడ మొదలయింది, ఎటు పాకుతుంది, ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ, దగ్గితే పెరుగుతుందా, నడిస్తే తగ్గుతుందా. వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, నొప్పి ఎలా ఉంటుంది? ఇక్కడే మన భాష చిక్కు.

తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. పుండు సలుపుతుంది. పన్ను పోటు పెడుతుంది. కాళ్ళు పీకుతాయి, గుంజుతాయి, లాగుతాయి. మెడ పట్టేస్తుంది. నడుము కలుక్కుమంటుంది. నరం జివ్వుమంటుంది. చర్మం చుర్రుమంటుంది, చిమచిమలాడుతుంది. పాదాలు మండుతాయి, తిమ్మిరెక్కుతాయి, మొద్దుబారతాయి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ మాటలను ఒకదాని బదులు ఒకటి వాడరు. సలుపును పోటు అనరు, పోటును మంట అనరు. మెల్జాక్ అని ఇందాక చెప్పాను కదా, ఆయనే నొప్పిని వర్ణించే ఇంగ్లీషు మాటలన్నీ పోగుచేసి, 1975లో ఒక ప్రశ్నావళిని ప్రకటించాడు. వైద్యులు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. రోగి ఎంచుకునే మాటలోనే జబ్బు ఆచూకీ ఉంటుందని ఆయన నమ్మకం.

మరి సరిహద్దులో ఏం జరుగుతుంది? హోసూరు పక్క పల్లెలో ఒకామె ఉందనుకోండి. ఇంట్లో తెలుగే. వైద్యానికి బెంగుళూరు వెళ్ళింది. డాక్టరు కన్నడంలో అడిగాడు. ఆమెకు వచ్చిన కన్నడం బస్సుకు, బజారుకు సరిపోయే కన్నడం. "నోవు" అంది. ఎలాంటి నోవు అని అడిగాడు. "తుంబా నోవు" అంది. అంతే. ఇంటిదగ్గర కోడలితో ఆమె చెప్పిన మాట వేరు. పిర్ర నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్లు జివ్వుమని దిగుతోంది, అరికాలు మొద్దుబారింది అని చెప్పింది. ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే, వెన్నులో నరం నొక్కుకుంటోందేమోనని డాక్టరుకు వెంటనే అనుమానం వచ్చేది. "తుంబా నోవు" అంటే అతను మామూలు నొప్పి మాత్ర రాసిచ్చాడు. తప్పు ఆమెదీ కాదు, డాక్టరుదీ కాదు. మాట మధ్యలో పడిపోయింది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నొప్పి రకాన్నిబట్టి మందు మారుతుంది. సలుపు, పీకుడు, బరువు, కదిలితే పెరిగే నొప్పి సాధారణంగా కండరాలది, కీళ్ళది. మంట, షాకు, సూదులు గుచ్చినట్లు, చీమలు పాకినట్లు ఉంటే అది చాలావరకు నరాలది. నరాల నొప్పికి మామూలు నొప్పి మాత్రలు దాదాపు పనిచెయ్యవు. మధుమేహం ఉన్నవాళ్ళ అరికాళ్ళ మంట అలాంటిదే. ఒంటికి ఒకవైపు పట్టీలాగా పొక్కులు వచ్చే సర్పి తగ్గాక, నెలల తరబడి చొక్కా తగిలినా మండడం అలాంటిదే. ముఖం కడుక్కున్నా, చల్లగాలి తగిలినా దవడలో ఒక్క క్షణం మెరుపులా షాకు కొట్టే జబ్బు ఒకటుంది. అది పంటినొప్పి అనుకుని మంచి పళ్ళు పీకించుకున్నవాళ్ళు ఉన్నారు. దానికి వాడాల్సిన మందు మూర్ఛకు వాడే కార్బమజెపిన్. ఇంకొకటి, పొద్దున్న లేవగానే వేళ్ళు, కీళ్ళు గంటసేపు బిగుసుకుపోయి, పనిచేస్తుంటే వదిలే నొప్పి. అది కీళ్ళవాతం కావచ్చు, దానికి దారే వేరు. కోలారు, ధర్మపురి, అనంతపురం వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళు ఉన్నాయి. అక్కడ నడుము, మెడ వంగకుండా బిగుసుకుపోతే నీళ్ళ సంగతి కూడా డాక్టరుతో చెప్పాలి. మనదేశంలో ఎముకలను పట్టే ఆ ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే.

అందుచేత వెళ్ళేముందు నాలుగు మాటలు ఆ ఊరి భాషలో నేర్చుకుని వెళ్ళండి. మంటను కన్నడంలో ఉరి అంటారు, తిమ్మిరిని జోము అంటారు. తమిళంలో మంట ఎరిచ్చల్, పొడిచినట్లుంటే కుత్తల్, లోపల తొలిచినట్లుంటే కుడైచ్చల్. మరాఠీలో మంట జళజళ, పోటు ఠణకా. తిమ్మిరికి వాళ్ళు ముంగ్యా అంటారు, అంటే చీమలే! మనం చీమలు పాకినట్లు అన్నదే వాళ్ళూ అంటున్నారు. ఒరియాలో మంటకు పోడాజళా, తిమ్మిరికి ఝిమ్‌ఝిమ్. ఇవి నోరు తిరగకపోతే బాధలేదు. తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకుని, ఆ భాష చదువుకున్న పిల్లల చేత కింద రాయించుకోండి. మన పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో చదువుకుంటున్నారని బాధపడే పెద్దలున్నారు. ఇలాంటి చోట ఆ చదువు అక్కరకొస్తుంది. అయితే ఒక జాగ్రత్త. మనవడు మీ తరఫున మాట్లాడితే "అమ్మమ్మకు నడుంనొప్పి" అని మూడు ముక్కల్లో తేల్చేస్తాడు. మీరు చెప్పింది చెప్పినట్లు చెప్పమనండి. మూత్రం సంగతి, మలం సంగతి పిల్లవాడి ముందు చెప్పడానికి మొహమాటపడతారనుకుంటే పెద్దవాళ్ళను ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి.

నొప్పి ఎంత అని కూడా అడుగుతారు. సున్నా నుంచి పది వరకు మార్కులు వెయ్యమంటారు. పరీక్షలు రాయని పెద్దవాళ్ళకు మార్కుల కంటే రూపాయి లెక్క సులువు. భరించలేని నొప్పి రూపాయి అనుకుంటే ఇవాళ ఎన్ని అణాలు? పన్నెండణాలా, ఆరణాలా? అలా చెప్పండి, డాక్టరుకు అర్థమవుతుంది.

ఇక చికిత్స. ముందే ఒక నిజం చెప్పాలి. నొప్పి పూర్తిగా పోతుందని ఏ నిజాయితీగల క్లినిక్కూ మాట ఇవ్వదు. పన్నెండణాల నొప్పి ఏడెనిమిది అణాలకు దిగితే, రాత్రి నిద్ర పడితే, మానేసిన పనుల్లో రెండు మూడు మళ్ళీ మొదలైతే వాళ్ళు దాన్ని మంచి ఫలితం అంటారు. చాలామందికి ఇది నిరాశ కలిగిస్తుంది. ఇంత దూరం వచ్చింది సగం నొప్పి కోసమా అనిపిస్తుంది. కాని సున్నా నొప్పి కోసం ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరుకు అయిదేళ్ళు తిరిగి, పొలం కుదువపెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. నా ఉద్దేశంలో ఈ సగం బేరం మంచి బేరం.

మందుల్లో ఎమిట్రిప్టిలిన్ అనే మాత్ర తక్కువ మోతాదులో రాత్రిపూట ఇస్తారు. ఇది మనోవ్యాధి మందు కదా అని షాపువాడు అంటాడు. ఎక్కువ మోతాదులో అవును. తక్కువ మోతాదులో నరాల నొప్పికి వాడతారు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ అనేవి మూర్ఛకు వచ్చిన మందులు, ఇవీ నరాల నొప్పికి పనికొస్తాయి. మొదట్లో మగతగా, తల తిరిగినట్లుగా ఉంటుంది, ఎమిట్రిప్టిలిన్‌తో అయితే నోరు ఎండుతుంది. ఆ రోజుల్లో బండి నడపకండి, మద్యం జోలికి పోకండి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడు రోజులు చూసి పారేస్తే తెలియదు. బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపెయ్యకూడదు కూడా.

కొందరికి నరం దగ్గర సూదితో మందు వేస్తారు. నర్వ్ బ్లాక్ అంటారు. సరైన మనిషికి, సరైన చోట వేస్తే వారాలు, నెలలు ఉపశమనం ఉంటుంది. ఆ వ్యవధిలో వ్యాయామం మొదలుపెట్టడానికే దాని అసలు ఉపయోగం. సూది వేయించుకుని మంచం మీద పడుకుంటే డబ్బు దండగ. అన్నిరకాల నొప్పికీ ఖరీదైన సూదులే చెప్పే చోట మాత్రం ఇంకో డాక్టరు అభిప్రాయం అడగండి. క్యాన్సరు నొప్పి విషయం వేరు. దానికి మార్ఫిన్ సరైన మందు. డాక్టరు పర్యవేక్షణలో వాడితే భయపడాల్సిన పనిలేదు. అది అవసరమైన రోగులకు అందేలా 2014లో చట్టాన్ని కూడా సడలించారు.

నన్నడిగితే మందులకంటే ముఖ్యమైనది పనిని పంచుకునే పద్ధతి. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒకామెను ఊహించుకోండి. ఒకరోజు నొప్పి తక్కువగా ఉంది. ఇంకేం, నిన్నటి పని, ఇవాళ్టి పని, ఇంటిపని అన్నీ ఆ రోజే చేసేస్తుంది. మర్నాడు, ఆ మర్నాడు మంచం దిగలేదు. మళ్ళీ కాస్త బాగుంటే మళ్ళీ అదే వరస. ఇలా ఆరు నెలలు గడిస్తే చేసే పని తగ్గుతూ వస్తుంది, కండరాలు నీరసిస్తాయి, నొప్పి పెరుగుతుంది. క్లినిక్కులో నేర్పేదేమిటంటే, నొప్పిని చూసి కాదు, గడియారాన్ని చూసి పని ఆపమని. మిషను ముందు నలభై నిమిషాలు కూర్చుంటే నొప్పి వస్తుందా? అయితే ఇరవై నిమిషాలకే లేవండి. బాగున్న రోజూ ఇరవయ్యే, బాగులేని రోజూ ఇరవయ్యే. లేచి నాలుగడుగులు నడిచి, నడుము వెనక్కి వంచి, మళ్ళీ కూర్చోండి. వారం గడిచాక ఇరవై రెండు, ఆ పైవారం ఇరవై అయిదు. బాగున్న రోజున ఆపడమే అన్నిటికన్నా కష్టం. ముక్కకింత అని కూలి ఇచ్చే చోట ఇంకా కష్టం. అది నేను ఎరుగుదును. అయినా నెల మొత్తం మీద ముక్కలు లెక్కవేసి చూసుకోండి.

వ్యాయామం మొదలుపెట్టిన కొత్తలో నొప్పి కాస్త పెరుగుతుంది. అది లోపల ఏదో తెగిందన్న గుర్తు కాదు. చాలాకాలం తాళం వేసిన ఇంటి తలుపు తెరిస్తే కిర్రుమంటుంది చూడండి, అలాంటిది. ఇక్కడ ఇంట్లోవాళ్ళ పాత్ర ఉంది. కొన్ని ఇళ్ళల్లో "అమ్మా నువ్వు కదలకు, అంతా నేను చూసుకుంటాను" అని ప్రేమతో మంచానికి కట్టేస్తారు. కొన్ని ఇళ్ళల్లో "టీవీ చూడ్డానికి లేని నొప్పి పనికొచ్చేసరికి వచ్చిందా" అని దెప్పుతారు. రెండూ నొప్పిని పెంచేవే. అత్తగారు నడక మొదలుపెడితే కోడలు పక్కన నాలుగడుగులు వేస్తే చాలు.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం నొప్పి క్లినిక్కు తారీఖు కోసం ఎదురు చూడకూడదు. నడుంనొప్పితో పాటు మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, కాలు ఈడ్చుకుపోవడం. వీటికి ఆ రోజే, ఆ రాత్రే పెద్దాస్పత్రికి వెళ్ళాలి. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సరు వచ్చి ఉండటం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి. వెన్నెముకకు క్షయ కూడా వస్తుంది, మందులతో నయమవుతుంది. ఛాతీనొప్పి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఎక్కడికి వెళ్ళాలి? దగ్గరలోని వైద్య కళాశాల ఆస్పత్రిలో మత్తు వైద్య విభాగానికి వెళ్ళి, నొప్పి క్లినిక్కు ఉందా, ఏ రోజుల్లో అని అడగడం మొదటి పని. చాలాచోట్ల వారంలో కొన్ని రోజులే ఉంటుంది. చిత్తూరు, కృష్ణగిరి వైపు వాళ్ళకు వేలూరు అలవాటే. యానాం వాళ్ళకు పుదుచ్చేరి కంటే కాకినాడ ఎంతో దగ్గర. చంద్రపూర్, సిరొంచ వైపు వాళ్ళు నాగపూర్‌కో హైదరాబాదుకో వెళ్తుంటారు. రాష్ట్రం దాటేటప్పుడు మీ ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బయల్దేరకముందే ఫోను చేసి కనుక్కోండి. వైద్యం మంచిదే అయినా నెలకోసారి మూడువందల కిలోమీటర్లు బస్సులో కూర్చుంటే నడుము ఊరుకోదు. మొదటిసారి పెద్దచోట చూపించుకుని, తరవాత మందులు, వ్యాయామం మన తాలూకా ఆస్పత్రిలో కొనసాగించేలా ఉత్తరం రాసివ్వమని అడగండి. అడిగితే చాలామంది డాక్టర్లు రాసిస్తారు.

వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలో చెప్పి ముగిస్తాను. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, ఆకుమందులూ పొడులూ సహా, ఒక సంచిలో వేసుకోండి. పాత చీటీలు, ఫిల్ములు తారీఖు వరసలో పెట్టుకోండి. ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రోజుకు మూడు గీతలు రాయండి. పొద్దున ఎన్ని అణాలు, రాత్రి ఎన్ని అణాలు, ఆ రోజు ఏం పనిచేశారు. రాయడం రానివాళ్ళు క్యాలెండరు మీద చుక్కలు పెట్టినా సరే. చివరగా, నొప్పి తగ్గితే మొదట ఏం చెయ్యాలనుకుంటున్నారో ఒక్కటి అనుకుని వెళ్ళండి. తిరుమల కొండ నడిచి ఎక్కాలనే పెద్ద కోరిక అక్కర్లేదు. కిందకూర్చుని పూలు కట్టాలనో, వీధి చివర బోరింగు దాకా నడవాలనో అనుకోండి. డాక్టరు మిమ్మల్ని ఆ ప్రశ్న అడుగుతారు.